తిరగేసిన బోల్టు

మార్లిస్ ఎక్‌డాల్ తన విమానాన్ని కట్టలేదు, కొనుక్కుంది. ఊరి చివర గడ్డి రన్‌వే పక్కనున్న రేకుల షెడ్డులో, శనివారం ఉదయం కాఫీ బల్ల దగ్గర, ఈ తేడాకి చాలా విలువ ఉండేది. గరాజుల్లోనూ పాత పశువుల కొట్టాల్లోనూ ఏళ్ళ తరబడి రేకులు కోసి, రివెట్లు కొట్టి, విమానాన్ని స్వయంగా కట్టుకున్నవాళ్ళు హీటరు దగ్గరి కుర్చీల్లో కూర్చునేవారు. వాళ్ళ దగ్గర కొనుక్కున్నవాళ్ళు తలుపు వైపు కూర్చునేవారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ తప్పిన నియమమూ కాదు. "పెంపుడు పిల్ల ఎలా ఉంది?" అని హీటరు వైపు నుంచి ఎవరో ఒకరు ప్రతి శనివారం అడిగేవారు. "మీ సొంత పిల్లకంటే తక్కువ నూనె కారుస్తోంది" అనేది మార్లిస్, తలెత్తకుండా.

ఆమె ఊరి నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసేది. తెల్లవారి మొదటి పని నమూనా తీసి క్లోరిన్ కొలవడం. గోడ మీది మీటరు ఒక అంకె చూపిస్తూనే ఉన్నా, గాజు గొట్టంలో మందు వేసి రంగు చూసి, రెండూ కలిస్తేనే రాసుకునేది. భర్త కర్ట్ చక్కెర దుంపల లారీ నడిపేవాడు. నేల మీదే ఉండే వాహనాలంటేనే తనకి గౌరవమని చెప్పేవాడు. మార్లిస్ నలభై దాటాక ఎగరడం నేర్చుకుని, యాభై దాటాక రోలిన్ స్టూవీ దగ్గర అతని రెండు సీట్ల విమానాన్ని తీసుకుంది.

రోలిన్ ఒకప్పుడు అచ్చుల తయారీ వర్క్‌షాపులో పనివాడు. ఆ విమానంలోని ప్రతి రేకూ, ప్రతి రంధ్రమూ అతని చేతి మీదుగా వచ్చినవే. గుండె డాక్టరు ఇక ఒంటరిగా ఎగరవద్దన్నాక అమ్మేశాడు. అయినా దానితో అతనికి ఒక బంధం మిగిలింది. ఇంట్లో కట్టిన విమానానికి నూనె మార్చడం, చక్రాలు మార్చడం, చివరికి రెక్క విప్పి మళ్ళీ బిగించడం కూడా దాన్ని కొన్నవాళ్ళు చేసుకోవచ్చు. కానీ ఏడాదికోసారి దాన్నంతా విప్పి చూసి, ఎగరడానికి తగినదని సంతకం పెట్టడానికి ఇద్దరికే హక్కుంది: ఆ ఒక్క విమానానికే చెల్లే పత్రం ఉన్న దాని నిర్మాతకి, లేదా లైసెన్సున్న మెకానిక్కుకి. పక్క పట్టణపు విమానాశ్రయంలో వెర్న్ పొకోర్నీ అనే లైసెన్సు మెకానిక్ ఉన్నాడు. ఎవరో ఎప్పుడో కొట్టంలో కట్టినదాని మీద తన పేరు రాయడం అతనికి ఇష్టం ఉండేది కాదు. అందుకని ప్రతి మే నెలలోనూ రోలినే వచ్చేవాడు. చూసేవాడు, సంతకం పెట్టేవాడు, ఆ తరవాత మొదటిసారి ఎగిరేటప్పుడు పక్క సీట్లో కూర్చునేవాడు. సంతకం పెట్టినవాడు పక్కన కూర్చోవాలన్నది ఆ షెడ్డు ఆనవాయితీ.

ఆ శీతాకాలం మార్లిస్ తోక దగ్గరి మూత విప్పి లోపల శుభ్రం చేస్తుండగా ఒక బోల్టు కంటపడింది. పైలట్ చేతిలోని స్టిక్ నుంచి ఒక పొడవాటి గొట్టం తోక దాకా వచ్చి, అక్కడ అడ్డంగా పడుకుని తిరిగే ఒక లివరును కదుపుతుంది. ఆ లివరు తోక చివర ఎలివేటరు అనే పలకను పైకీ కిందికీ తిప్పుతుంది. విమానం ముక్కు లేవడమూ దిగడమూ దాని మీదే ఆధారపడి ఉంటాయి. గొట్టాన్నీ లివరునూ కలిపే నిలువు బోల్టు తలకిందులుగా ఉంది: తల కింద, నట్టు పైన. విమానాల పని నేర్చుకునే ప్రతివాళ్ళూ మొదటి వారంలోనే వినే మాట ఒకటుంది. నట్టు ఎప్పుడైనా ఊడిపోయినా బోల్టు తన బరువుతో రంధ్రంలోనే నిలిచి ఉండాలి, కాబట్టి తల పైకి ఉండాలి. ఇక్కడ నట్టు ఊడితే బోల్టు కింద పడుతుంది, దానితోపాటు విమానమూ పడుతుంది.

రోలిన్‌కి ఫోన్ చేద్దామనుకుంది. కానీ కిందటి శరదృతువులో అతను కాఫీని కప్పు పక్కన పోసి, బల్ల తడిసేదాకా గమనించకపోవడం ఆమె చూసింది. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని జేబులన్నీ వెతుక్కోవడం చూసింది. నీ తప్పు దొరికిందని అతనికి చెప్పడం ఒక కష్టం. అతని చూపు ఇంకా నమ్మదగ్గదో కాదో తెలియకపోవడం అంతకన్నా పెద్ద కష్టం. రెండింటికీ ఒకే ఉపాయం తోచింది. బోల్టును తీసి తల పైకి పెట్టి, కొత్త నట్టు, అది ఊడకుండా కొత్త పిన్ను వేసి, బిగింపు గుర్తుగా ఎర్ర రంగు చుక్క పెట్టింది. స్టిక్కును ముందుకీ వెనక్కీ చివరంటా కదిపి చూసింది. ఎక్కడా తగల్లేదు. రోలిన్‌కి చెప్పలేదు. మేలో వచ్చి చూసి, "దీన్నెవరు తిప్పారు?" అంటే, అతని కళ్ళు బాగున్నట్టే. అనకపోతే, ఆ సంతకానికి అర్థం లేనట్టే.

మే వచ్చింది. రోలిన్ ఇంజన్ నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నానికి తోక దగ్గరికి చేరాడు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో పొడవాటి కాడ ఉన్న అద్దం పట్టుకుని మూత సందులోకి చూశాడు. మార్లిస్ గుడ్డతో స్పానర్లు తుడుస్తూ నిలబడింది. తుడిచినవే తుడుస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. టార్చి వెలుగు లివరు మీద ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది.

"బాగుంది" అన్నాడు రోలిన్.

తోక లోపల ఇంకోసారి చూడరాదా అని ఆమె అడిగింది. పోయినేడు కంటే తుప్పేమైనా ఎక్కువైందేమో అంది.

"తుప్పేం లేదు కుళాయమ్మా. నువ్వు దీన్ని నీళ్ళ ట్యాంకులా కడుగుతున్నావు, తుప్పెక్కడి నుంచి వస్తుంది? పిన్ను ఉంది, చుక్క ఉంది. ఇంకేం కావాలి నీకు?"

రోలిన్ పలక మీంచి మోకాళ్ళు పట్టుకుని లేచి, బల్ల దగ్గర నిలబడి విమానం పుస్తకంలో సంతకం పెట్టాడు. ఆ వరసలోని అక్షరాలు పోయినేటికంటే కొంచెం పెద్దవిగా ఉన్నాయి.

అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పకపోవడానికి ఆమె దగ్గర ఒక లెక్క ఉంది. రోలిన్ చూడని వస్తువులు ఇంకా ఉండవచ్చు, కాని వాటన్నిటినీ ఆమె తానే చూసింది. ఒక్కొక్కటీ విప్పి, వెలుగు పెట్టి, చేత్తో తడిమి చూసింది. ఆ బోల్టు మాత్రం తన చేతులతో సరిచేసినది, కనుక అనుమానం అవసరం లేనిది. ఈసారికి ఎగిరి దిగి, వచ్చే ఏటికి పొకోర్నీని ఎలాగైనా ఒప్పించాలి. రోలిన్‌కి ఆ మాట ఎలా చెప్పాలన్నదొక్కటే ఆమెకు మిగిలిన భయం. విమానం గురించి ఆమెకు భయం లేదు.

గాలి పెద్దగా లేదు. బయల్దేరే ముందు ఎప్పటిలాగే స్టిక్కును నాలుగు వైపులా చివరంటా తిప్పింది. రోలిన్ తన వైపున్న స్టిక్కు మీద రెండు వేళ్ళుంచి, అది కదులుతుంటే తల ఊపాడు. గడ్డి మీంచి లేచి, దుంపల పొలాల మీదుగా నాలుగు వేల అడుగులకు ఎక్కారు. రోలిన్ కాసేపు ఇంజన్ చప్పుడు విన్నాడు. పైకప్పు దగ్గర గాలి ఈల వేస్తోందనీ, తన కాలంలో వేసేది కాదనీ ఆరోపించాడు. మీ కాలంలో మీకు వినిపించి ఉండదని ఆమె అంది. అతను నవ్వాడు.

ఇన్‌స్పెక్షన్ తరవాత మొదటిసారి ఎగిరినప్పుడు చేసే పని ఒకటుంది. ఇంజన్ జోరు తగ్గించి, ముక్కును మెల్లమెల్లగా పైకెత్తి, రెక్కలకు గాలి ఆనడం మానేసే దాకా వేగం చంపి, ఆ క్షణంలో స్టిక్కు ముందుకి వదిలి మళ్ళీ మామూలుగా ఎగరాలి. మార్లిస్ స్టిక్కును వెనక్కి లాగుతూ వచ్చింది. విమానం వణికింది. ముక్కు కిందికి వాలింది. స్టిక్కును ముందుకి తోసింది.

అది రాలేదు.

మళ్ళీ తోసింది. రాయిలో పాతినట్టు నిలిచిపోయింది. ముక్కు కిందికి పోతోంది, వేగం పెరుగుతోంది. ఎలివేటరు పైకే ఉండడం వల్ల ముక్కు తనంతట తాను మళ్ళీ లేచింది, లేచి లేచి వేగం పోగొట్టుకుని మళ్ళీ వాలింది. ఎడమ రెక్క వంగింది. ఆమె పాదాల కింది పెడళ్ళతో తోక మీది చుక్కానిని తిప్పి రెక్కను నిలబెట్టింది. ముందు అద్దం నిండా పొలాలు, ఆ తరవాత ఆకాశం, మళ్ళీ పొలాలు.

"ఏమైంది?" అన్నాడు రోలిన్. అతని చేతులు అప్పటికే తన స్టిక్కు మీద ఉన్నాయి. "ఎక్కడో పట్టేసింది. అక్కడ పట్టేయడానికి ఏమీ లేదే."

ఏముందో మార్లిస్‌కి ఆ మాటతోనే తెలిసింది. కిందటి ఏడాదికీ ఈ ఏడాదికీ మధ్య ఆ గొట్టం దారిలో మారినది ఒక్కటే.

"తోకలో లివరు బోల్టు నేను తిప్పాను" అంది. "తల పైకి పెట్టాను. నట్టు కిందుంది."

రోలిన్ ఆమె వైపు తిరగలేదు. ముక్కు లేస్తోంది. ఒక క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఆ మూసిన కళ్ళ వెనక అతను తోక లోపలికి వెళ్ళి చూస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

"బ్యాటరీ పళ్ళెం" అన్నాడు. "లివరు కిందే ఉంది. దాని అంచు పైకి మడిచాను. నట్టు ఆ అంచు దాటి లోపల పడింది. చెయ్యి తియ్యి."

"తోస్తే..."

"తోస్తే ఇంకా బిగుసుకుంటుంది. తోయకు. గాలి బరువు పడ్డప్పుడు గొట్టం లివరుని కిందికి నొక్కుతుంది, వెంట్రుక మందం. నేల మీద నీకు తగలనిది అందుకే. బరువు తీసెయ్యాలి. వేగం పూర్తిగా చచ్చేదాకా ఆగు. ముక్కు పైనున్నప్పుడు."

వేగం చావడం అంటే రెక్కలు మళ్ళీ గాలి వదిలేయడం. దేని నుంచి తప్పించుకోవాలని ఆమె ఒళ్ళంతా తోస్తోందో, దానిలోకే ఇంకోసారి వెళ్ళమంటున్నాడు. ఆమె చేతిని స్టిక్కు మీంచి తీసి, ట్రిమ్ చక్రం మీద వేసింది; చేతికి తెలిసే బరువును అది మోస్తుంది. ముక్కు పైకుండే వైపు దాన్ని చివరిదాకా తిప్పింది. విమానం వాలింది, మళ్ళీ లేచింది. ఎత్తు చూపే ముల్లు మూడు వేలకు దిగువన ఉంది. పాదాలు రెక్కల్ని నిలబెడుతూనే ఉన్నాయి. గాలి చప్పుడు సన్నగిల్లింది. సీటు కింద వణుకు మొదలైంది.

"ఇంకా ఆగు" అన్నాడు రోలిన్. "ఇంకా. ఇప్పుడు. వేళ్ళతో."

ఆమె రెండు వేళ్ళతో స్టిక్కును మెల్లగా ముందుకి నెట్టింది. ఏదో గీసుకున్న చిన్న అదురు వేళ్ళకు తెలిసింది. స్టిక్కు వచ్చేసింది.

ముక్కు దిగి, వేగం నిండి, విమానం సమంగా నిలిచింది. రోలిన్ ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. బాగానే ఉన్నారా అని ఆమె అడిగితే, గుండెని అడిగి చెబుతానన్నాడు. తరవాత గడ్డి రన్‌వే వద్దన్నాడు. అది చిన్నది, అక్కడ దిగాలంటే చివర్లో స్టిక్కు బాగా వెనక్కి లాగాలి. పొకోర్నీ ఉన్న విమానాశ్రయంలో సిమెంటు రన్‌వే మైలు పొడవుంది. వేగంగా, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ దించకుండా, దాదాపు మట్టంగా దిగవచ్చు.

"నేను అలవాటు కొద్దీ లాగేస్తానేమో" అంది మార్లిస్. "చక్రాలు నేలకి దగ్గరయ్యేసరికి చెయ్యి దానంతట అదే లాగుతుంది."

రోలిన్ తన వైపు స్టిక్కు వెనక, దానికీ సీటుకీ మధ్య, రెండు పిడికిళ్ళూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. రెండు స్టిక్కులూ ఒకే గొట్టానికి కలిసి ఉంటాయి. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. "ఇంతకంటే వెనక్కి నేను రానివ్వను. లాగు, నీ ఇష్టం. నా ఎముకలు విరగ్గొడితే నీదే ఖర్చు."

సిమెంటు మీదికి వచ్చేసరికి నేల ఆమె ఎప్పుడూ చూడనంత వేగంగా వెనక్కి పోతోంది. ఆమె చెయ్యి లాగింది, ఆమె చెప్పినట్టే. స్టిక్కు రోలిన్ పిడికిళ్ళకు తగిలి ఆగింది. అతను దాన్ని పట్టి ఉంచాడు. మూడు చక్రాలూ దాదాపు ఒకేసారి నేలకు కొట్టుకున్నాయి, విమానం ఒకసారి ఎగిరి మళ్ళీ కూర్చుంది, రన్‌వే చివరి దాకా పరుగెత్తి ఆగింది. రోలిన్ పిడికిళ్ళు తీసి చూసుకున్నాడు. వేళ్ళ కణుపుల మీద చర్మం తెల్లబడింది.

పొకోర్నీ షెడ్డులో మూత విప్పారు. పళ్ళెం అంచు మీద నట్టు గీసిన మెరిసే గీత ఉంది. కొత్త పిన్ను కాళ్ళలో ఒకటి వంగిపోయింది. పొకోర్నీ టార్చి పట్టుకుని చూసి, బోల్టు సరిగ్గానే ఉంది కదా, తల పైకే ఉంది కదా అన్నాడు. రోలిన్ తాను తల ఎందుకు కిందికి పెట్టాడో చెప్పాడు: బరువు లెక్క కుదరక బ్యాటరీని తోకలోకి మార్చినప్పుడు లివరు కింద చోటు తగ్గింది, నట్టు వైపు కంటే తల వైపు పొట్టిది. ఆ సంగతి ఎక్కడైనా రాశావా అని పొకోర్నీ అడిగాడు. తన విమానంలో తనకి తెలిసిన సంగతి తనకే ఎందుకు రాసుకుంటానని రోలిన్ అన్నాడు.

అప్పుడు మార్లిస్ మిగిలింది చెప్పింది. శీతాకాలంలోనే తిప్పానని, ఫోన్ చేయకపోవడం మరిచిపోయి కాదని, అతను చూస్తాడో లేదోనని ఆగానని చెప్పింది. తుడిచిన స్పానర్ల సంగతి కూడా చెప్పింది.

రోలిన్ స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డు తలుపు లోంచి సిమెంటు రన్‌వే కనిపిస్తోంది. చాలాసేపు దానివైపే చూశాడు.

"నాకు పరీక్ష పెట్టావన్నమాట."

"అవును."

"పిన్ను చూశాను" అన్నాడు రోలిన్. "చుక్క చూశాను. ఏ వైపు ఉందో చూడలేదు. నేను పెట్టింది కాబట్టి నేను పెట్టినట్టే ఉంటుంది అనుకున్నాను." కొంచెం ఆగి, ఆమె ఎదురుచూడని మాట అడిగాడు. "ఇంకేం తిప్పావు?"

"ఏం తిప్పలేదు."

"అలా కాదు. ఆలోచించి చెప్పు."

మార్లిస్ ఆలోచించింది. ఈ నాలుగేళ్ళలో తన చేయి తగిలిన చోట్లన్నీ ముక్కు నుంచి తోక దాకా మనసులో తడిమింది. మార్చిన గొట్టాలు, క్లిప్పులు, తీసి మళ్ళీ పెట్టిన మూతలు. ఇంకెక్కడా ఏదీ తన తెలివితో సరిచేయలేదు. అలాగే చెప్పింది. చెబుతున్నప్పుడు, అది నిజమేనా అన్న సందేహం మొదటిసారి కలిగింది.

రోలిన్ విమానం లోంచి పుస్తకం తెప్పించుకుని తన సంతకాన్ని ఒకే గీతతో కొట్టేశాడు. పుస్తకాన్ని పొకోర్నీ వైపు తోశాడు.

"నువ్వు చూడు. మొదటి నుంచీ, అన్నీ విప్పి. నేనిక్కడే కూచుంటాను. నీకు తప్పనిపించినవన్నీ అడుగు, ఎందుకు పెట్టానో చెప్తాను. రాసుకోవడం ఈమె పని. సంతకం నీది."

తనకి వేరే పనులున్నాయని పొకోర్నీ అన్నాడు. కాసేపటికి చొక్కా చేతులు మడిచాడు. మూడు కప్పుల కాఫీ వచ్చింది. ముందు బోల్టును రోలిన్ చెప్పినట్టు తల కిందికి పెట్టి, పిన్ను మార్చి, ఆ పక్కనే ఒక చిన్న రేకు మీద కారణం రాసి అతికించారు. తరవాత ఇంజన్ మూత తీశారు. పొకోర్నీ ఒక్కొక్క చోట వేలు పెట్టి అడిగాడు. ఈ గొట్టానికి రెండు క్లిప్పులెందుకు? వేడికి జారుతుంది. ఈ వాషరు మందంగా ఎందుకుంది? రంధ్రం కొంచెం పెద్దదైంది, నా తప్పు, రాసుకో. మార్లిస్ రాసుకుంటూ వచ్చింది. కొన్నిటికి రోలిన్ అడగకముందే చెప్పాడు, కొన్నిటికి నవ్వాడు. బయట నీడలు పొడుగయ్యాయి.

ఇంజనుకీ సీట్లకీ మధ్యనున్న గోడ మీద, వైర్ల కట్ట వెనక, వేలెడు వెడల్పు రేకు ముక్క ఒకటి రెండు రివెట్లతో బిగించి ఉంది. అది దేన్నీ పట్టుకోవడం లేదు, దేనికీ ఆనడం లేదు. పొకోర్నీ దాని మీద వేలు పెట్టాడు.

"ఇదెందుకు?"

రోలిన్ లేచి వచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. టార్చి తీసుకుని దగ్గరగా చూశాడు, పక్కనుంచి చూశాడు. రివెట్ల తలలు అతని చేతివే; అంత సమంగా ఇంకెవరూ కొట్టరు. కళ్ళు మూసుకుని అంతకుముందు గాలిలో చూసినట్టు చూశాడు. మార్లిస్ కలం ఎత్తి పట్టుకుని ఆగింది.

"తెలీదు" అన్నాడు రోలిన్, చాలాసేపటికి.

తీసేద్దామా అని పొకోర్నీ అడిగాడు. అది ఎందుకూ పనికిరానిదే అయుండవచ్చని కూడా అన్నాడు. డ్రిల్లు అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది.

మార్లిస్ ఆ పేరు లేని రేకు ముక్క స్థానాన్ని కాగితం మీద కొలత వేసి గీసింది. ఎదురుగా కారణం రాసే చోట ఖాళీ వదిలింది.

"దాన్ని ముట్టుకోవద్దు" అంది. "ఆయనకి గుర్తొచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. విమానమూ ఇక్కడే ఉంటుంది."

రోలిన్ టార్చి ఆర్పలేదు. ఆ గోడ ముందే స్టూలు వేయించుకుని కూర్చుని, ఆ రేకునే చూస్తూ ఉండిపోయాడు. మార్లిస్ ఇంటికి ఫోన్ చేసి, రోలిన్‌నీ తననీ తీసుకెళ్ళడానికి లారీ తీసుకుని రమ్మని కర్ట్‌తో చెప్పింది.